రాఘవులు గారి ఇంగ్లీషు

గనిలో వేసుకొచ్చిన చొక్కాని మూడు నీళ్లలో జాడిస్తే గానీ ఎరుపు వదలదు. మొదటి నీళ్లు పారబోసినప్పుడు బట్టలుతికే బండ మేకని కోసిన చోటులా ఉంటుంది. కాలరు దగ్గర చెమట, ఇనపరజను, ఖైనీ పొడి కలిసి జిడ్డు కట్టి ఉంటాయి. జయ ఆ జిడ్డుని బ్రష్షుతో గీకుతుంటే వరండాలోంచి మొగుడు రాఘవులు గొంతెత్తి ఇంగ్లీషులో చదువుతున్నాడు. ఇంటిపని అనేది ఆడవాళ్ల సొంత ఆస్తి కాదట. మగవాడు కూడా చేతులు తడుపుకోవాలట. ఒక నాగరిక సమాజంలో వంటిల్లు ఇద్దరిదీ అట.

"షుడ్ బీ షేర్డ్ అన్నాక ఏటి?" అని అక్కడ్నుంచే అరిచాడు.

"ఈక్వల్లీ" అంది జయ బండ దగ్గర్నుంచి.

"ఆఁ, ఈక్వల్లీ. ఆ టీ ఇంకా రాలేదేటి మరి?"

జయ చేతులు చీర కొంగుకి తుడుచుకుని లోపలికి నడిచింది. టీ పెట్టి ఇచ్చి, అతను కుర్చీ కింద ఊసిన ఖైనీ మరకని కాలితో ఒక గుడ్డ లాగి తుడిచి, మళ్లీ బండ దగ్గరికి వచ్చేసరికి అతను రెండో పేరాలోకి వెళ్లాడు. ఆ వ్యాసం రాసింది జయే. ఒక్కొక్క వాక్యాన్నీ ఏరి, పెద్ద మార్కులు తెచ్చే మాటలు కూర్చి రాసింది. ఇప్పుడవే మాటలు ఖైనీ నమిలే నోట్లోంచి వస్తుంటే, తను వండిన పరమాన్నాన్ని ఎవరో నమిలి తన విస్తట్లోనే ఉమ్మినట్టు ఉంది ఆమెకి.

రాఘవులు కిరండూల్‌లో, బైలదిలా కొండ మీది ఇనప గనిలో అసిస్టెంట్ ఇంజినీరు. అవి చైనా వాళ్లు ఎంత ఎర్రమట్టి తవ్వితే అంతా కొనుక్కుపోతున్న రోజులు. కొండ మీద రాత్రనక పగలనక షావెల్ యంత్రాలు తవ్వుతుండేవి, ఓడరేవుకి పోయే గూడ్సుబండి తోక కనపడక ముందే ఇంకో బండి తల కనపడేది. గనుల చదువు చదివిన వాడికి ఆస్ట్రేలియాలో ఎర్రతివాచీ పరుస్తారని టౌన్‌షిప్పులో ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆఫీసర్లందరికీ ఆ పిచ్చి పట్టింది. అక్కడ పీజీ చదవాలంటే ఇంగ్లీషు పరీక్షలో స్కోరు రావాలి. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, నాలుగింటిలోనూ ఏడుకి తగ్గకూడదు. మొదటిసారి రాఘవులు సెలవు పెట్టి మరీ విశాఖపట్నంలో కోచింగ్ తీసుకున్నాడు. రాయడంలో అయిదు వచ్చింది. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు కదా, ఎమ్మే ఇంగ్లీషు చదివిన పెళ్లాం ఇంట్లోనే ఉందన్న సంగతి అతనికి ఆ అయిదు వచ్చాక గానీ గుర్తు రాలేదు.

గుర్తొచ్చాక మాత్రం వదల్లేదు. పెరటి చెట్టుకి ఫీజు లేదు, సెలవు లేదు, వేళాపాళా లేదు. అన్నం పెడుతూ పదాలు అప్పజెప్పించుకోవాలి, కాళ్లు పట్టేటప్పుడు ఉచ్చారణ దిద్దాలి. దిద్దితే ఒకోసారి నవ్వేవాడు. "మీ ఆవపల్లిలో అలాగే అంటారేటి దాన్ని?" అనేవాడు.

ఆవపల్లి జయ పుట్టిన ఊరు. అక్కడ బడికి పోవాలంటే అడవిలో నడిచి, వాగు దాటి, మళ్లీ నడవాలి. జయ అలా నడిచి, తర్వాత జగదల్‌పూర్‌లో హాస్టల్లో ఉండి, ఇంట్లో తెలుగు, తోటి పిల్లలతో దోర్లీ, సంతలో హల్బీ, బళ్లో హిందీ, వీటన్నిటి మీదా ఇంగ్లీషు నేర్చుకుంది. మేనమామ ఈ గనిలో గుమాస్తా కాబట్టి సంబంధం కుదిరింది. పిల్ల చదువుకుంది, నోరు లేదు అని చెప్పి కుదిర్చాడు. నోరు లేదన్నది ఎవరి సంగతో ఆయనకే తెలియాలి. అయిదు భాషలున్న మనిషికి నోరు లేదనడానికి చాలా ధైర్యం కావాలి.

తర్వాత జయ పేరున కూడా పరీక్షకి దరఖాస్తు నింపేటప్పుడు, వచ్చిన భాషలు ఏవి అన్న చోట జయ దోర్లీ, హల్బీ అని చెప్పబోతే రాఘవులు చెయ్యడ్డం పెట్టాడు. "అవి భాషలేటి? అడవిలో అరుచుకునేవి. తెలుగు, హిందీ చాలు. చదివేవాడు నవ్వుతాడు."

నవ్వని మనిషి ఒకామె ఉంది. ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది, పల్లెలు వదిలి దంతెవాడ రోడ్డు పక్కన గుడిసెలు వేసుకున్న దోర్ల తెగ ముసలమ్మల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు, పాటలు రికార్డు చేసుకునేది. ఆమెకి అర్థం చెప్పే మనిషి దొరక్క, ఎవరో చెబితే జయ దగ్గరికి వచ్చింది. జయ ఒక వేసవంతా, అత్తగారు పగటినిద్ర పోయే వేళల్లో బస్సెక్కి ఆ గుడిసెల దగ్గరికి పోయి వచ్చేది. ఒక ముసలమ్మ విత్తనాలు చల్లేటప్పుడు పాడే పాటలో ఉన్న పదం జయకి తెలుసు, ఆ పదానికి ఇంగ్లీషులో సరిపడా మాట లేదన్న సంగతి కూడా తెలుసు. ఆ తెలియడం చూసే ఆ ఇంగ్లండు ఆమె తమ దగ్గర ఫెలోషిప్పుతో చదువుకోమని సీటు ఇప్పించింది. ఒకటే షరతు, ఇదే ఇంగ్లీషు పరీక్షలో స్కోరు ఈ వేసవి దాటేలోగా పంపాలి. దాటితే సీటు వేరే వాళ్లకి పోతుంది.

రాఘవులు ఈ మాట విని చాలాసేపు నవ్వాడు. "కోళ్లు కాచుకునే వాళ్ల భాష మీద ఇంగ్లండులో చదువా. సర్లే. ముందు నాది అవనీ, తర్వాత నీది చూద్దాం. రెండుసార్లు రాయపూర్ ఎందుకు, ఈసారి ఇద్దరికీ ఒకేరోజు కట్టేస్తాను. పక్కనుంటే ఆఖరి నిమిషం దాకా నాకు చెప్పొచ్చు కూడాను." అలా జయకి పరీక్ష దొరికింది. రైతు కొన్న ఎద్దు వెంట పలుపుతాడు ఊరికే వచ్చినట్టు దొరికింది. అయినా దొరికింది కదా అనుకుంది ఆమె.

చిక్కల్లా ఏమిటంటే అతనికి నేర్చుకోవడం రాదు. బట్టీ పట్టడం వచ్చు. "నువ్వు రాసిచ్చీ, నేను బట్టీ పట్టేస్తాను" అనేవాడు. బట్టీ పట్టింది వాళ్లు కనిపెడతారండీ, మార్కులు కోస్తారు అని చెబితే, "ఇంజినీరింగంతా బట్టీతోనే పాసయ్యాను, నాకు చెప్తావేటి" అనేవాడు. జయ రాసేది. నగరాల్లో కాలుష్యం గురించి, పిల్లలు టీవీ చూడటం గురించి, ఆడవాళ్ల ఇంటిపని గురించి రాసేది. బియ్యం ఏరుతూ ఆలోచించుకుని, కుక్కరు కూతల మధ్య కాగితం మీద పెట్టేది.

మాట్లాడే పరీక్షలో ఇంట్లో కష్టపడి పనిచేసే ఒక వ్యక్తి గురించి చెప్పమని అడుగుతారట. రాఘవులు వెంటనే, "మా అమ్మ గురించి రాయి, బావుంటాది" అన్నాడు. అత్తగారు సోమమ్మ ఆ పక్కనే మంచం మీద కూర్చుని జంతికలు నములుతోంది. ఆమె చేసే పనల్లా ఉదయం లేచి దేవుడి దగ్గర దీపం పెట్టడం. ఆ దీపం కుందె తోమి వత్తి వేసేది కూడా జయే. ఏమి రాయాలో తోచక జయ కలం పట్టుకుని కూర్చుంది. చివరికి, తెల్లారకుండా లేస్తుంది అని మొదలుపెట్టింది. ఎర్రదుమ్ము పడిన గుమ్మాలు రోజుకి రెండుసార్లు కడుగుతుంది, అందరూ తిన్నాక మిగిలింది తింటుంది, జ్వరం వచ్చినా చెప్పదు, ఆమె ఎప్పుడు నిద్రపోతుందో మాకెవరికీ తెలియదు. అన్నీ రాసేసింది. తన రోజుని ముక్క ముక్కగా తీసి అత్తగారి ఒంటికి తొడిగేసింది. ఇంగ్లీషు మాత్రం చక్కగా కుదిరింది.

రాఘవులు అది తెలుగులో తల్లికి చదివి చెప్పాడు. సోమమ్మ కళ్లు ఒత్తుకుంది. "సూసినావేటే, నా కొడుకు ఎంత బాగా రాసినాడో. కడుపున పుట్టినోడికి కాక ఇంకెవుడికి తెలుస్తాది నా కట్టం" అంది కోడలితో. తర్వాత జంతికల గిన్నె చేతికిచ్చి, ఇంకొన్ని పట్టుకు రమ్మంది.

జయ వంటింట్లోకి వెళ్లి, డబ్బాలో చెయ్యి పెట్టి, అలాగే నిలబడిపోయింది. అత్తగారి మీద కోపం రాలేదు. తన మీద తనకే రోత పుట్టింది. ఒళ్లమ్ముకునే వాళ్లని లోకం ఎన్ని మాటలో అంటుంది, ఇలా చదువుని ఊరికే ధారపోసే దాన్ని ఏమంటారు, ఇల్లాలంటారు. ఆ మాట తలుచుకుంటే నోట్లో పాచి రుచి వచ్చింది.

ఆమె సొంత చదువు వంటింటి గోడ మీద సాగేది. పేపర్లోంచి కత్తిరించిన ఇంగ్లీషు వ్యాసాలు గంజితో పొయ్యి పైన అంటించుకుని, కూర కలుపుతూ చదివేది. వినడానికి రాఘవులు పాత లాప్‌టాపు, దాంట్లో ఒక సీడీ. పరీక్షలో ఆ రికార్డు ఒక్కసారే వేస్తారు. ఆగదు, వెనక్కి పోదు. అది వినిపిస్తూ పోతుంది, మనం రాసుకుంటూ పోవాలి. "ఏటే ఆ తెల్లదాని గోల, వంట కాడ కూడా అదేనా" అని సోమమ్మ గొణిగేది. జయ గొంతు తగ్గించి, గిన్నెల చప్పుడులో చెవి రిక్కించి వినేది.

ఇక మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగేది. కొండ మీద రాళ్లకి మందు పెట్టి పేల్చే ముందు మోగే సైరన్ అది. గని మనుషులకి అదొక మర్యాద. సైరన్ మోగితే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోతారు. మాట్లాడేవాళ్లు సగం మాటలో నోరు మూస్తారు, భోంచేసేవాళ్లు చెయ్యి కంచం మీంచి ఎత్తి పట్టుకుంటారు. భూమి ఒకసారి కదిలి, కిటికీలు గలగలమని, చప్పుడు కొండ దాటిపోయాక మళ్లీ ఆ సగం మాట దగ్గర్నుంచే మొదలెడతారు. బ్యాంకులో క్యాషియరు కూడా లెక్క ఆపి కూర్చుంటాడు. కొండ మీద తమ వాళ్లు ఉన్నారు కాబట్టి ఆ కాస్తసేపు ఊపిరి బిగబట్టడం మొదట్లో భయం, తర్వాత భక్తి, ఇప్పుడు అలవాటు. రాఘవులు సెలవు రోజున ఇంట్లో ఉంటే, సైరన్ వినగానే చెయ్యెత్తి, తల కొంచెం పక్కకి వంచి, బొమ్మలా కూర్చునేవాడు. సోమమ్మ కళ్లు మూసుకుని దంతేశ్వరమ్మని తలుచుకునేది.

జయకి మాత్రం సైరనంటే పరుగు. పొయ్యి మీంచి పాలు దించాలి, అరమీద గాజుసామాను ఒక చేత్తో పట్టుకోవాలి, దుమ్ము రాకుండా కిటికీ తలుపులు వెయ్యాలి. వాళ్లిద్దరూ దేవుళ్లలా కదలకుండా కూర్చున్న ఆ కాసేపే ఆమెకి ఎక్కువ పని. ఆ పరుగులోనూ సీడీ నడుస్తుండేది. ఎడమచేత్తో గ్లాసులు పట్టుకుని, కుడిచేత్తో గోడ మీద బొగ్గుతో జవాబులు గీకడం ఆమెకి అలవాటైపోయింది. రోజూ చేస్తే గాడిద కూడా బరువు తూకం చెబుతుంది.

మార్చిలో మహిళాదినోత్సవం వచ్చింది. ఆఫీసర్ల క్లబ్బులో ప్రతి ఏడూ చేస్తారు. ఆడవాళ్ల పండగ కదా, అందుకని వంటలన్నీ ఆడవాళ్లే చేసి తెస్తారు. జయ వంతుకి సమోసాలు వచ్చాయి. పొద్దున్నుంచీ పిండి పిసికి, చుట్టి, వేయించి, క్లబ్బు వెనక గదిలో ప్లేట్లలో సర్దుతుంటే మైకులో రాఘవులు గొంతు వినిపించింది. పెద్ద ఆఫీసరు భార్య ముందు వరసలో కూర్చుని ఉంది కాబట్టి, తను ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడతానని పేరిచ్చాడట. ఆ సంగతి జయతో చెప్పలేదు. వంటిల్లు ఇద్దరిదీ అన్నాడు. ఇంటిపనికి జీతం కడితే దేశం ఖజానా చాలదన్నాడు. ఆడదాని అలసటని ప్రేమ అని పిలవడం మానేద్దాం అన్నాడు. ఆ ఆఖరి వాక్యం జయ ఒక మధ్యాహ్నం నడుం పట్టేసి వంటింట్లో కింద కూర్చుండిపోయినప్పుడు రాసుకున్నది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఒకరిద్దరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు కూడా.

జయ సమోసాల పళ్లెం పట్టుకుని హాల్లోకి వెళ్లింది. పెద్ద ఆఫీసరు భార్య ఒకటి తీసుకుని, ఆమె మోచెయ్యి పట్టుకుని హిందీలో, "ఎంత అదృష్టవంతురాలివి. మా ఇంట్లో ఇలాంటి ఒక్క మాట విననే లేదు. మీ ఆయన్ని జాగ్రత్తగా చూసుకో" అంది. రాఘవులు ఆ పక్కనే నిలబడి, వినయంగా తల వంచి, సమోసా కొరికాడు. కొరికి, జయ వైపు వంగి, తెలుగులో, "ఉప్పు చాల్లేదు" అన్నాడు.

ఆ సాయంత్రం జయ తల్లి వెంకమ్మ ఫోను చేసింది. ఆవపల్లిలో సిగ్నలు కోసం చెరువుగట్టు ఎక్కాలి కాబట్టి గాలిహోరులో మాట్లాడుతుంది.

"ఏంది బిడ్డా, గొంతు అట్లుంది. పరీచ్చ ఎప్పుడు?"

"వచ్చే వారమే అమ్మా. రాయపూర్ల."

"పరీచ్చ నీదా, అల్లునిదా?"

"ఇద్దరిది."

"మరి సదివేదెవరు?"

"నేను సదివి ఆయనకి చెప్తున్న."

"నిన్ను సదివించనీకి మీ నాయిన ఎడ్లు అమ్మిండు బిడ్డా. అల్లుని సదివించనీకి కాదు" అంది వెంకమ్మ. అంతకంటే కోపం ఆమెకి చేతకాదు. ఫోను పెట్టేశాక జయ చాలాసేపు చేతులు కడుక్కుంది. సమోసాల నూనె వాసన గోళ్లలోంచి పోలేదు.

రాయపూర్‌కి పరీక్ష ముందురోజే చేరారు. రాఘవులుకి మాట్లాడే పరీక్ష ఆ రోజే అయింది. నవ్వుకుంటూ బయటికొచ్చాడు. కష్టపడే మనిషి గురించే అడిగారట. "అమ్మ పాఠం అప్పజెప్పేశాను. ఆ తెల్లాయన పెన్ను పక్కన పెట్టి మరీ విన్నాడు. మీ అమ్మగారు చాలా గొప్ప మనిషి అన్నాడు" అన్నాడు లాడ్జికి నడుస్తూ. జయ రోడ్డు పక్కన మురిక్కాలవ వైపు చూసింది. ఆ కాలవ కంపు ఆమెకి మామూలుగానే అనిపించింది. మర్నాడు ఇద్దరికీ రాసే పరీక్షలు. జయకి మాట్లాడే పరీక్ష కూడా అదే రోజు మధ్యాహ్నం మూడింటికి వేశారు.

పరీక్ష ఒక హోటలు హాల్లో పెట్టారు. రాఘవులు ముందు వరసల్లో, జయ కొంచెం వెనక. వినే పరీక్ష మొదలైంది. స్పీకర్లలోంచి ఇద్దరు కుర్రవాళ్లు తమ ప్రాజెక్టు గురించి మాట్లాడుకుంటున్నారు, అందరి పెన్సిళ్లూ కదులుతున్నాయి. సగం దాటింది. అప్పుడు ఎక్కడో దగ్గర్లో ఏ రేకుల మిల్లులోనో షిఫ్టు మారినట్టుంది, సైరన్ మోగింది. అచ్చు కిరండూల్ సైరన్ లాగే, కింద నుంచి మొదలై పైకి ఎగబాకి, అక్కడే నిలబడి మోగింది.

జయ ఎడమచెయ్యి దానంతటదే వెళ్లి బల్ల అంచున ఉన్న నీళ్ల సీసాని పట్టుకుంది. పక్కమ్మాయి సీసాని కూడా పట్టుకుంది. ఆ అమ్మాయి వింతగా చూసింది. కుడిచెయ్యి మాత్రం ఆగలేదు. కుర్రవాళ్లు చెబుతున్న పేర్లూ తారీఖులూ చెవిలో పడుతున్నాయి, పెన్సిలు రాస్తోంది.

రాస్తూ రాస్తూ ఒక్కసారి తలెత్తింది. ముందు వరసలో రాఘవులు పెన్సిలు కింద పెట్టేశాడు. రెండు చేతులూ బల్ల మీంచి ఎత్తి పట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి, కదలకుండా కూర్చున్నాడు. పేలుడు కోసం చూస్తున్నాడు. రాయపూర్ నగరం నడిబొడ్డున, కొండా లేదు గనీ లేదు, అయినా భూమి కదిలితే గానీ మొదలెట్టకూడదని భక్తిగా చూస్తున్నాడు. సైరన్ ఆగింది. చప్పుడు రాలేదు. రానందుకు ఇంకా బిగుసుకుని కూర్చున్నాడు. స్పీకర్లో కుర్రవాళ్లు ప్రాజెక్టు ముగించేసి, ఎవరో ప్రొఫెసరు పక్షుల గురించి మొదలెట్టేసరికి అతను ఉలిక్కిపడి పెన్సిలు వెతుక్కున్నాడు. అది కిందికి దొర్లిపోయింది. వంగి తీసుకునేలోపు ఇంకొన్ని ప్రశ్నలు పోయాయి. తర్వాత ఎక్కడున్నాడో అతనికి తెలియలేదని వెనక నుంచి మెడ చూస్తేనే తెలిసిపోయింది.

జయకి నవ్వు రాలేదు. జాలి వస్తుందేమోనని చూసుకుంది, అదీ రాలేదు. పక్షుల మీద ధ్యాస పెట్టింది.

మిగతా రెండు పరీక్షలూ అయ్యి బయటికొచ్చేసరికి రాఘవులు వరండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఖైనీ నలుపుతున్నాడు. చదవడం సగమే పూర్తయిందట, రాయడంలో బట్టీపట్టిన వ్యాసాలు ఒక్కటీ రాలేదట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ముందు రేకుల మిల్లుని తిట్టాడు, తర్వాత స్పీకర్లని తిట్టాడు, చివరికి ఆమె దగ్గరికి వచ్చాడు.

"నువ్వు వెనకే ఉన్నావు కదా. నన్ను పిలవొచ్చు కదా."

"పరీక్షహాల్లోనా?"

"దగ్గొచ్చు కదా. పోనీ, నువ్వాగావా?"

"లేదు."

"సైరన్ మోగితే ఆగకపోడం ఏటి?"

"ఇంట్లో ఎప్పుడైనా ఆగానా నేను?" అంది జయ.

అతనికి అది అర్థం కాలేదు. మొదటిసారి ఆమె వైపు సరిగ్గా చూశాడు, జేబులోంచి ఏదో కొట్టేసిన మనిషిని చూసినట్టు. ఖైనీ పెదవి కింద పెట్టుకుని, చేతులు దులుపుకుని లేచాడు.

"సరే పద. ఒంటిగంట బస్సుకి పోదాం. అమ్మ ఒక్కతీ ఉంది."

"నాకు మూడింటికి ఉంది కదా."

"నాదే పోయాక నీదెందుకింక? మళ్లీసారి ఇద్దరం కలిసి రాద్దాం. ఈలోగా నాకు వినడం బాగా చెప్పు, దాంట్లోనే దెబ్బ తిన్నాను." కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "నీకొచ్చి నాకు రాలేదంటే టౌన్‌షిప్పులో నేను తలెత్తుకు తిరగాలా వద్దా? ఆ మాత్రం ఆలోచన ఉండక్కర్లేదా పెళ్లానికి?"

మళ్లీసారి అంటే వేసవి దాటిపోతుంది. సీటు పోతుంది. ఆ సంగతి అతనికి తెలుసు, తెలిసే అన్నాడు. జయ అతని నోటి వైపు చూసింది. కింది పెదవి ఉబ్బి ఉంది, మూలల్లో గోధుమరంగు నీరు ఊరుతోంది. ఈ నోటికి తను ఇన్నాళ్లూ మాటలు అందించింది. నాగరికత అనే మాట, సమానత్వం అనే మాట, అలసట అనే మాట, అన్నీ కడిగి తుడిచి పళ్లెంలో పెట్టి అందించింది. ఇంకో ఏడాది అందించాలట. ఆమెకి అప్పుడు కలిగిన ఏవగింపులో ఏడుపు లేదు, భయం లేదు. కుళ్లిన పండుని బుట్టలోంచి తీసి పారేసే మనిషికి ఉండేంత మామూలు ఏవగింపు అది.

ఆమె మెట్ల మీదే కూర్చుంది. అతను బస్సు టైము చెప్పాడు. ఆమె లేవలేదు. అతను లాడ్జికి పోయి సంచులు తెచ్చాడు, తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. ఆమె లేవలేదు. ఒంటిగంట బస్సు పోయింది. నాలుగు గంటల బస్సుందన్నాడు. కొంచెం దూరంలో అటూ ఇటూ తిరుగుతూ గోడ మూలల్లో ఊస్తున్నాడు.

మూడింటికి లోపల్నుంచి ఒక అమ్మాయి కాగితాలు పట్టుకుని వచ్చి జయ పేరు పిలిచింది. జయ లేచేలోపు రాఘవులు రెండంగల్లో ముందుకొచ్చి, వాళ్లిద్దరికీ మధ్య నిలబడ్డాడు. తొణకకుండా, ఎక్కడా తడబడకుండా, ఇంగ్లీషులో చెప్పాడు. నా భార్యకి ఒంట్లో బాగాలేదు, ఆమె ఈ రోజు పరీక్షకి హాజరు కాలేకపోతున్నందుకు విచారిస్తున్నాం, అన్నాడు. బట్టీ పట్టకుండా అతను మాట్లాడిన మొదటి ఇంగ్లీషు వాక్యం అది. ఒక్క తప్పు లేదు. గురువుగా జయకి అది వెంటనే తెలిసింది, తెలిసినందుకు ఒళ్లంతా కంపరమెత్తింది.

ఆ అమ్మాయి అతన్ని దాటి జయ వైపు చూసింది. "మేడమ్, మీకు బాగాలేదా?" అని అడిగింది.

"నాకు బాగానే ఉంది" అంది జయ.

"మరి, ఈయన మీకు ఏమవుతారు?"

జయ సంచుల్ని దాటుకుని మెట్టెక్కింది. ఇంగ్లీషులోనే, అతనికి కూడా ఒక్కొక్క మాటా అర్థమయ్యేటట్టు, రోజూ పాఠం చెప్పేటంత నిదానంగా జవాబు చెప్పింది.

"ఈయనకి నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఇవాళ్టితో మానేశాను."